నాన్నకు చెన్నైలో రైల్వే చరిత్ర చూపించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పెరంబూర్ శీను

అందరికీ నమస్కారం. మేం పెరంబూరులో ఉంటాం. మా నాన్న విజయవాడ డివిజన్‌లో గార్డుగా చేసి రిటైరయ్యారు. గూడ్సు బళ్లతో మొదలై మెయిల్ ఎక్స్‌ప్రెస్‌ల దాకా వచ్చారు. ఇప్పుడు గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు కదా, ఆ మాట ఎత్తితే చాలు నవ్వుతారు. వచ్చే వారం గూడూరు నుంచి మా ఇంటికి వస్తున్నారు. ఎప్పుడొచ్చినా మెరీనాకో, గుడికో తీసుకెళ్తాం. గంట గడిస్తే "ఇక పోదాం పద" అంటారు. ఈసారి రైలుకు సంబంధించినవే చూపిద్దామని మా ఆవిడ ఐడియా. మోకాళ్ల నొప్పులున్నాయి, మెట్లు ఎక్కువ ఎక్కలేరు.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. మావాడు ఆరో తరగతి. స్కూల్లో రైల్వే వారసత్వం మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. వాడు వందే భారత్ గురించి రాస్తానంటాడు. ఫోన్‌లో విషయం చెప్తే నాన్న "బొగ్గు ఇంజన్ గురించి రాయకుండా అదేం ప్రాజెక్టురా" అన్నారు. పైగా దక్షిణాదిలో మొదటి రైలు 1856లో రాయపురం నుంచి అని ఒకచోట, 1837లో రెడ్‌హిల్స్ దగ్గర అని ఇంకోచోట ఉంది. ఏది రాయించమంటారు?

కొళత్తూరు రవి

శీను గారూ, మీకు కూతవేటు దూరంలో న్యూ ఆవడి రోడ్డు మీద ఐసీఎఫ్ (రైలు పెట్టెలు చేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) వాళ్ల రైలు మ్యూజియం ఉంది. 2002లో తెరిచారు. ఆవిరి ఇంజన్లు, పాత పెట్టెలు, మోడల్ రైళ్లు, పిల్లలు ఎక్కే బుల్లి రైలు ఉన్నాయి. నేల మీదే తిరగొచ్చు, నాన్నగారికి ఇబ్బంది ఉండదు. ఎండలో మాత్రం వెళ్లకండి, ఇంజన్లన్నీ ఆరుబయటే, ఇనుము కాలుతుంది. సెలవు రోజు ఏదో కనుక్కుని బయల్దేరండి.

బిట్రగుంట బాబాయ్

శీనూ, మాదీ రైల్వే కుటుంబమే. మా నాన్న బిట్రగుంట లోకో షెడ్‌లో ఫైర్‌మన్, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసే పని. నేను ఐసీఎఫ్ ఫర్నిషింగ్‌లో ఫిట్టర్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు అయనవరంలో ఉంటున్నాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టు.

రవి చెప్పిన మ్యూజియం మంచిదే, తప్పకుండా వెళ్లండి. కానీ అక్కడికి వెళ్లిన ప్రతివాడూ ఇంజన్ దగ్గర నిలబడి ఫోటో దిగి వచ్చేస్తాడు. రైల్వే చరిత్ర అంటే ఇంజన్ల చరిత్రే అనుకుంటారు జనం. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ పెట్టెలు చూసినవాణ్ని. అందుకని నా గొడవ వేరు. ఇంజన్ లాగుతుంది, ఒప్పుకుంటాను. మనిషి కూర్చునేది, పడుకునేది, బిడ్డకు పాలు పట్టేది పెట్టెలో. మీ వాడి ప్రాజెక్టుకు నా సలహా అదే, పెట్టె గురించి రాయించు. తాతకూ మనవడికీ గొడవ ఉండదు.

ముందు సంగతి ముందు. రాయపురం వెళ్లండి. మీకు పెరంబూరులో బీచ్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే వ్యాసర్‌పాడి, వాషర్‌మెన్‌పేట దాటాక వచ్చేది అదే. మద్రాసు రైల్వే వాళ్లు 1856 జూలై 1 నుంచి అక్కణ్నుంచి వాలాజా రోడ్డు దాకా, అంటే సుమారు వంద కిలోమీటర్లు, జనానికి బళ్లు నడిపారు. లార్డ్ హారిస్ గవర్నరుగా ఉన్న రోజులు. ఆ పెట్టెలు చేసింది మన మద్రాసు సింప్సన్ కంపెనీ. గుర్రబ్బళ్లు చేసే కంపెనీ అది. ఇంగ్లండు నుంచి ఓడలో దింపుకున్నవి కావు, ఇక్కడి వడ్రంగుల చేతి పని. ఈ ముక్క నేను ఎవరికి చెప్పినా ఆశ్చర్యపోతారు. బొంబాయి బోరీబందర్‌లో 1853 నాటి మొదటి స్టేషన్ ఇప్పుడు లేదు. దేశంలో ఇంకా నిలబడి ఉన్న స్టేషన్ భవనాల్లో రాయపురానిదే పెద్ద వయసు. ముందు వరసగా స్తంభాలుంటాయి, అవి చూడండి. 2005లో బాగుచేశారు. ఇప్పుడక్కడ లోకల్స్ ఆగి పోతుంటాయి, అంతే సందడి. సెంట్రల్ 1873లో వచ్చినా 1907 దాకా అసలు స్టేషన్ రాయపురమే. సెంట్రల్ ముందు సెల్ఫీలు దిగేవాళ్లకు రాయపురం ఎటువైపో కూడా తెలీదు.

ఆ లైను మన వాళ్ల ఊళ్లకు ఎలా వచ్చిందో మీ అబ్బాయి చేత మ్యాపు వేయించు. చాలామంది మద్రాసు రైలు ముందు నెల్లూరు, బెజవాడ మీదుగా వెళ్లిందనుకుంటారు. కాదు. అరక్కోణం నుంచి రేణిగుంట, కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరుకు 1871లో చేరి, బొంబాయి నుంచి వచ్చిన జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే లైనుతో కలిసింది. బెజవాడకు 1889లో నైజాం రైలు సికింద్రాబాదు నుంచి వచ్చింది. బెజవాడ నుంచి కోస్తా వెంట నేరుగా మద్రాసుకు దారి పడింది 1899లో. మరుసటి ఏడాది రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచాక అటు ఉత్తరాంధ్ర నుంచి ఇటు చెన్నపట్నానికి గోదావరి అడ్డు తప్పింది. అంతకుముందు సంగతి చెప్పాలంటే, మన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి పల్లకీలో బయల్దేరి తిరిగొచ్చేసరికి పదిహేను నెలలు దాటింది.

మీ నాన్నగారికి ఇంకో చోటు కూడా నచ్చుతుంది. సెంట్రల్ పక్కనే దక్షిణ రైల్వే హెడ్డాఫీసు ఉంది, ద్రావిడ పద్ధతిలో గోపురాలు పెట్టి కట్టిన రాతి మేడ. 1922లో ఎం.ఎస్.ఎం., అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ కోసం కట్టింది. రోడ్డు మీద నుంచి చూసినా చాలు. 1944లో సర్కారు ఆ కంపెనీని తీసుకుంది. 1951 ఏప్రిల్ 14న ఎం.ఎస్.ఎం., సౌత్ ఇండియన్, మైసూరు రైల్వేలు మూడూ కలిపి దక్షిణ రైల్వే అన్నారు, దేశంలో మొట్టమొదటి జోను. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టేదాకా విజయవాడ డివిజన్ అంతా ఈ మేడ కిందే. మా నాన్నకు ఆర్డర్లు ఇక్కణ్నుంచే వచ్చేవి. మా అమ్మ దృష్టిలో ఆ భవనం కలెక్టరాఫీసు కంటే పెద్దది.

ఇక పెట్టెల సంగతి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన బళ్లలో చాలా పెట్టెలు కింద ఉక్కు ఫ్రేము, పైన చెక్క ఒళ్లు. మామూలుగా బాగానే పోయేవి. గుద్దుకుంటేనో, పట్టాలు తప్పితేనో అగ్గిపెట్టెల్లా ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయేవి. స్విట్జర్లాండులో జూరిక్ పక్కన ష్లీరెన్ అనే ఊళ్లోని కంపెనీతో ఒప్పందం చేసుకుని పెరంబూరులో ఫ్యాక్టరీ పెట్టారు. 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించాడు. ఆ పెట్టెలో గోడలు, కప్పు, నేల అన్నీ ఉక్కే, అన్నీ కలిసి ఒకే ఒళ్లుగా బరువు మోస్తాయి. కింద ఫ్రేము ఒక్కటే బరువు మోసే పద్ధతి పోయింది. దెబ్బ తగిలితే రెండు చివరలు నలుగుతాయి, మనుషులుండే మధ్య భాగం నిలబడుతుంది. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. మరుసటి ఏడాదే మహబూబ్‌నగర్ దగ్గర, తర్వాత అరియలూరు దగ్గర వరదలకు వంతెనలు దెబ్బతిని బళ్లు పడిపోయాయి. మొదటిసారి ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు, రెండోసారి ఒప్పుకున్నాడు. వరదకు ఉక్కు పెట్టె ఏం చేస్తుందిలే. అయినా మా షాపులో పెద్దవాళ్లు అరియలూరు పేరు ఎత్తకుండా పెట్టె బలం గురించి మాట్లాడేవాళ్లు కాదు.

మొదట్లో ఐసీఎఫ్‌లో ఒట్టి డొక్కలే, మేం షెల్ అంటాం, తయారయ్యేవి. సీట్లు, ఫ్యాన్లు, లైట్లు బిగించే ఫర్నిషింగ్ డివిజన్ 1962లో వచ్చింది. నేనున్నది అందులో. షెల్ లోపలికి తొలిసారి అడుగు పెడితే ఏమీ ఉండదు, ఉక్కు వాసన, మాట్లాడితే గొంతు మోగుతుంది. ఒకరు నేల పరుస్తారు, ఒకరు వైర్లు లాగుతారు, ఒకరు కిటికీ కమ్మీలు బిగిస్తారు. నేను బెర్తులు. పై బెర్తు గొలుసు కొక్కెం సరిగ్గా కూర్చుందో లేదో లాగి చూడటం నా పని. ఇప్పటికీ ఏ రైలెక్కినా పడుకోబోయే ముందు ఓసారి లాగి చూస్తాను, మా ఆవిడ తిడుతుంది.

మూడో తరగతి అని ఒకటుండేది, తెలుసుగా. చెక్క బద్దల బల్లలు. గాంధీ ఆ పెట్టెల్లో తిరిగి, ఆ మురికీ ఆ తొక్కిసలాటా ఎలా ఉండేవో 1917లోనే రాశాడు. 1974లో మూడో తరగతి పేరు తీసేశారు. బల్లలు మాత్రం చెక్కవే. 1977లో మధు దండావతే రైల్వే మంత్రి అయ్యాక రెండో తరగతి స్లీపర్లో బెర్తుల మీద రెండంగుళాల ఫోమ్ వేయించాడు. రెండంగుళాలే కదా అంటారేమో. మద్రాసు నుంచి హౌరా దాకా ఉత్త చెక్క మీద నడుం వాల్చినవాణ్ని అడగండి. నా లెక్కలో స్వాతంత్ర్యం తర్వాత రైల్వేలో జరిగిన గొప్ప పనుల్లో ఆ ఫోము మొదటి వరసలో ఉంటుంది, వందే భారత్ కంటే ముందు.

మరి మ్యూజియంలో ఏం దాస్తారు? ఢిల్లీ రైలు మ్యూజియంలో మైసూరు మహారాజు సెలూన్, అంటే ఆయన సొంత రైలు పెట్టె ఉంది, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కోసం 1875లో చేసిన సెలూన్ ఉంది. రాజుగారి పెట్టె అంత శ్రద్ధగా దాచారే, మా తాతలు బియ్యం మూట మీద కూర్చుని వెళ్లిన పెట్టె మాటేమిటి? నాకు ఈ ఒక్క విషయంలో కోపం. ఇంజన్ల మీద ప్రేమ లేక కాదు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో చేసిన ఆవిరి ఇంజన్ ఈఐఆర్-21ని మన పెరంబూరు లోకో వర్క్స్ వాళ్లే 2010లో మళ్లీ నడిచేలా చేశారు. వందేళ్లకు పైగా కదలకుండా దిమ్మ మీద ఉన్న ఇంజన్ అది. ఎగ్మూరులో దాని కూత విన్నప్పుడు నాకూ ఒళ్లు పులకరించింది.

ఐసీఎఫ్ డిజైన్ పెట్టెల్లో చివరిది 2018 జనవరిలో ఫ్యాక్టరీ గేటు దాటింది. ఇప్పుడన్నీ జర్మనీ నుంచి తెచ్చుకున్న ఎల్‌హెచ్‌బీ డిజైన్. తేడా మీ అబ్బాయికి చూపించడం తేలిక. రెండు పెట్టెలు కలిసే చోట అటూ ఇటూ గుండ్రటి బఫర్లు, మధ్యలో మర కొక్కెం ఉంటే అది పాతది. మధ్యలో ఒకే పెద్ద కప్లర్ ఉంటే కొత్తది, ప్రమాదంలో పెట్టె మీద పెట్టె ఎక్కకుండా అదే పట్టి ఉంచుతుంది. లోపలైతే స్లీపర్లో నంబర్లు చూడమను. పాతదాంట్లో 72 బెర్తులు, అంటే ఎనిమిదేసి చొప్పున తొమ్మిది గదులు. ఎల్‌హెచ్‌బీ రెండు మీటర్లు పొడవెక్కువ, అందుకే 80, పది గదులు. నంబరును ఎనిమిదితో భాగించి శేషం చూస్తే ఒకటీ నాలుగూ లోయర్, రెండూ ఐదూ మిడిల్, మూడూ ఆరూ అప్పర్, ఏడు సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. లెక్కల టీచరుకు కూడా ప్రాజెక్టు నచ్చుతుంది.

వందే భారత్ రాయొద్దని నేను అనను. అదీ మా ఫ్యాక్టరీ బిడ్డే, 2018లో ట్రైన్ 18 పేరుతో బయటికొచ్చింది. విడిగా ఇంజన్ లేకుండా పెట్టెల కిందే మోటార్లు ఉంటాయి. అంటే చివరికి పెట్టే ఇంజన్ పని కూడా చేస్తోంది. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

ట్రిప్లికేన్ కుర్రాడు

బాబాయ్, బాగా రాశారు గానీ ఈ వారసత్వం అంతా చదివాక కూడా సంక్రాంతికి నెల్లూరు దాటి టికెట్ దొరకదు. బుకింగ్ తెరిచిన రెండు నిమిషాల్లో వెయిటింగ్ లిస్ట్. పోయినసారి జనరల్‌లో ఒంటికాలి మీద ఒంగోలు దాకా వెళ్లాను. మూడో తరగతి పోలేదు సార్, పేరు మారింది.

బిట్రగుంట బాబాయ్

నువ్వన్నది నిజం నాయనా, కాదనలేను. స్లీపర్, జనరల్ పెట్టెలు తగ్గించి ఏసీ పెంచుతూ పోతే ఇంకేమవుతుంది. నేను ఫోము గురించి అంత పొగిడింది కూడా అందుకే, ఆ నిర్ణయం తీసుకున్నవాడికి ఒంటికాలి మీద వెళ్లేవాళ్లు గుర్తున్నారు.

ధవళేశ్వరం గట్టు

1837 ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. రెండూ నిజమే శీను గారూ. రెడ్‌హిల్స్ నుంచి చింతాద్రిపేట దాకా 1837లో పట్టాలు వేశారు, మద్రాసు రోడ్లకు కావలసిన రాయి తోలడానికి. దేశంలోనే మొదటి రైలు దారి అది. కానీ టికెట్టు కొని మనుషులెక్కిన బండి కాదు. అందుకని దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు అంటే 1856 రాయపురం, మొదటి రైలు దారి అంటే 1837 రెడ్‌హిల్స్. ప్రాజెక్టులో ఈ రెండు వాక్యాలూ విడివిడిగా రాయించండి.

అసలు ముచ్చట ఇంకోటి ఉంది. ఆ రెడ్‌హిల్స్ పని వెనక ఉన్న ఇంజనీరు మన కాటన్ దొరే, సర్ ఆర్థర్ కాటన్. తర్వాత గోదావరికి వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు అక్కడా రాయి మోయడానికి 1845 ప్రాంతంలో పట్టాలు వేయించాడు. బొంబాయి–ఠాణా రైలు నడిచింది 1853లో కదా, అంతకు ఎనిమిదేళ్ల ముందే మా ఊళ్లో పట్టాలున్నాయన్నమాట. ఇంతకీ కాటన్ దొర రైళ్ల కంటే కాలువలే మేలు, దేశమంతా నీళ్ల దారులు తవ్వండి అని జీవితాంతం వాదించినవాడు. మా గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని ఊరు వెతకాలి. రైల్వే వాళ్లు మాత్రం ఆయన్ను పెద్దగా తలుచుకోరు, ఎందుకు తలుచుకుంటారు లెండి.

పెరంబూర్ శీను

ఇన్ని వివరాలు వస్తాయని అనుకోలేదు, అందరికీ థాంక్స్. రాత్రి నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను. బాబాయ్ గారూ, బిట్రగుంట అనగానే "ఏ షెడ్డు, ఏ సంవత్సరాలు, వాళ్ల నాన్న పేరేంటి" అని మొదలుపెట్టారు. అక్కడి రన్నింగ్ రూమ్‌లో (డ్యూటీ దిగినవాళ్లు విశ్రాంతి తీసుకునే గది) చేపల పులుసు గురించి పావుగంట చెప్పారు. మావాడు బెర్తు లెక్క పట్టుకుని ఇంట్లో అందరి పాత టికెట్లూ తీసి పరీక్షిస్తున్నాడు. రాయపురంలో మెట్లు ఎక్కువా? ఆదివారం వెళ్దామనుకుంటున్నాం. ప్రాజెక్టులో గార్డు పని కూడా పెట్టొచ్చా?

బిట్రగుంట బాబాయ్

పెట్టొచ్చా అని అడుగుతావేంటయ్యా, ఇంట్లో మనిషిని పెట్టుకుని! గార్డు లైన్ బాక్సులో ఏముండేవో నాన్నగారి నోటితో చెప్పించి రాసుకోమను. ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి దీపం, విజిల్, పట్టా మీద పెడితే చక్రం ఎక్కగానే పేలే డిటోనేటర్లు, రూల్ బుక్కు, పక్కనే ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ. బండి ఆఖరి పెట్టె వెనక ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) బోర్డు ఎందుకు పెడతారో అడగమను. స్టేషన్ మాస్టరు అది చూస్తేనే బండి మొత్తం వచ్చేసిందని, మధ్యలో పెట్టెలు తెగి ఉండిపోలేదని లెక్క. వాక్యూమ్ బ్రేకుల నుంచి ఎయిర్ బ్రేకులకు మారినప్పుడు గూడ్సు గార్డు పని ఎంత మారిందో ఆయన కంటే బాగా చెప్పేవాళ్లు లేరు.

రాయపురంలో లోకల్ దిగాక అటు ప్లాట్‌ఫారానికి వెళ్లాలంటే ఓవర్‌బ్రిడ్జి ఎక్కాలి. మోకాళ్ల నొప్పికి అది కష్టం. మీరు రైల్లో కాకుండా ఆటోలో నేరుగా పాత భవనం ముందుకే వెళ్లండి, స్తంభాలు ఆ వైపే. ఆదివారం లోకల్స్ ఎటూ తక్కువే తిరుగుతాయి. పొద్దున రాయపురం, సెంట్రల్ పక్క హెడ్డాఫీసు చూసి, భోజనం చేసి కాసేపు పడుకోనిచ్చి, సాయంత్రం ఎండ తగ్గాక మ్యూజియం పెట్టుకోండి.

మా నాన్న పేరు ఇక్కడ రాయను, మెసేజ్ పంపిస్తున్నాను. డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజన్ల మీద డ్యూటీ చేసిన లింకులో (డ్యూటీ జట్టులో) పొడుగ్గా, నల్లగా, ఎడమచేతి వాటం ఫైర్‌మన్ అని చెప్పి చూడు, మీ నాన్నగారికి గుర్తుండొచ్చు.